మా నెమరు బావ

మా బావ నోట్లో కూరగాయ ముక్క ఉండగా మాట్లాడడు. ఇందులో వింతేముంది, చిన్నప్పుడు మాకూ అదే నేర్పారు అని మీరనవచ్చు. వింత అక్కడ లేదు. మా బావ నోట్లో కూరగాయ ముక్క లేని సమయమంటూ ఉండదు. వింత అక్కడుంది.

బావ అంటే మా అక్క మొగుడు. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు గుమస్తా. నేను అదే ఆఫీసు వెనక షెడ్డులో నీళ్ళ మీటర్లు బాగుచేసే మెకానిక్కుని. వాళ్ళ పోర్షను పక్క పోర్షనే నాది. పెళ్ళి కాలేదు కాబట్టి తిండి అక్క దగ్గరే. అంటే పగలంతా ఆఫీసులో ఆయన నమలడం చూసి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ ఆయన నమలడమే చూస్తాను. ఆయన గురించి చెప్పే హక్కు నాకున్నంత ఇంకెవరికీ లేదు. పైగా నా నోట్లో నువ్వుగింజ నానదని అక్క ఎప్పుడూ అంటుంది. నిజమే. మా బావ నోట్లో మాత్రం గుమ్మడికాయ ముక్క అరగంట నానుతుంది.

ఆఫీసులో ఆయనకు నెమరు బావ అని పేరు. మొదట నేనే పెట్టాను. నాకు బావ అయితే మిగతావాళ్ళకెలా బావ అవుతాడని ఎవరూ ఆలోచించలేదు. క్యాషియరు కూడా, ఆయన మా బావకన్నా పదేళ్ళు పెద్ద, "ఏం నెమరు బావా, ఇవాళ ఏ కాయ?" అంటాడు. మా బావ నములుతూ వేలెత్తి ఆగమంటాడు. జవాబు వచ్చేసరికి క్యాషియరు భోజనం చేసి, చేయి కడుక్కుని, ప్రశ్న మరిచిపోయి ఉంటాడు.

ఆయన పుట్టుకతోనే ఇలా లేడు. ఆపరేషనుకు ముందు మా బావను చూసినవాళ్ళు ఈయనే ఆయనంటే నమ్మరు. మనిషి కొండ. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, ఈ కొండ కూర్చుని తినే పెరిగింది. వరసగా మూడు ఆఫీసు కుర్చీలు కాళ్ళిరగ్గొట్టుకున్నాక కౌంటరు దగ్గర ఆయనకు చెక్క బెంచీ వేశారు. తిండీ తొందరే, మాటా తొందరే. ముద్ద లోపలికి పోతుంటే అదే దారిన మాట బయటికొచ్చేది. రెండూ గుద్దుకోకుండా ఎలా వెళ్ళేవో నాకిప్పటికీ అర్థం కాదు.

కౌంటరు దగ్గరా అదే తంతు. జనం "మా వీధిలో..." అనగానే ఆయన "పైపు పగిలింది, రేపు మనిషొస్తాడు, తరవాత" అనేవాడు. "అది కాదండీ..." అంటే "మీటరు తిరగట్లేదు, ఎల్లుండి వస్తాడు, తరవాత" అనేవాడు. ఎదుటివాడి వాక్యం ఈయనే పూర్తిచేసేవాడు. ఒకాయన పాపం గేటు ముందు ఎవరో స్కూటరు పెట్టి పోయారని చెప్పుకోవడానికి వస్తే, ఆయన ఇంటికి కొత్త కొళాయి మంజూరు చేసి పంపాడు.

ఇక కూరగాయలంటారా, అవి కంచం అంచు అందంగా కనిపించడానికి పెడతారని ఆయన నమ్మకం. మాంసం ముక్కల మధ్య బంగాళాదుంప కనిపిస్తేనే దారి తప్పి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసేవాడు.

మోకాళ్ళు మొరాయించాయి. చక్కెర పెరిగింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. అక్క పక్కనే కూర్చుని ఆ ఊపిరి కోసం కాపలా కాసేది. చివరికి పొట్ట తగ్గించే ఆపరేషను చేశారు. అంత పెద్ద పొట్టలో ఇప్పుడు పచ్చడి గిన్నెడు చోటు మిగిలింది.

ఆ గిన్నెడు చోటుకీ డాక్టర్లు వరస పెట్టారు. ముందు గుడ్డో చేపో పప్పో, అంటే కండకు బలమిచ్చేవి. తరవాత కూరగాయలు. చివర చోటుంటే నాలుగు మెతుకులు. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. బాగానే ఉంది. కానీ గుడ్డు ఎక్కేసరికే బండి నిండిపోయేది. కూరగాయలు ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉండేవి. మా బావ దానికేమీ బాధపడలేదు. "నేనేం చేయను, చోటు లేదు" అని ఎంతో మర్యాదగా కంచం జరిపేవాడు. నలభై ఏళ్ళ పగ తీరింది ఆయనకు.

నెలలు గడిచాయి. ఒళ్ళు తగ్గింది. దాంతోపాటు దువ్వెన నిండా జుట్టూ రావడం మొదలైంది. బాత్‌రూంలోకి వెళితే బయటికొచ్చేవాడు కాదు. ఒకరోజు కౌంటరు దగ్గర "పైపు పగిలింది, రేపు..." అంటూనే బెంచీ మీంచి పక్కకు ఒరిగిపోయాడు. అటు నిలబడ్డాయన "రేపు ఎన్నింటికండీ?" అని అడుగుతూనే ఉన్నాడట.

అక్కా నేనూ ఆయన్ని పథ్యం చెప్పే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం.

"కూరగాయలు తింటున్నారా?" అంది ఆవిడ.

"చోటు లేదండీ."

"చోటు లేకపోతే టైము మార్చండి. భోజనంలో పట్టనివి భోజనం కాని టైములో పడతాయి. పొద్దున పదకొండింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి, ఆ రెండు పూటలూ కూరగాయలకే. మెత్తగా ఉడకాలి, చిన్న ముక్కలుండాలి, రంగురంగులవి ఉండాలి. మందులూ మానకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నమలాలి. నోట్లో ఇక ముక్కంటూ లేకుండా పోయేదాకా నమలాలి."

"నమలకపోతే?" అన్నాడు మా బావ, బేరమాడుతున్నట్టు.

"మీకే తెలుస్తుంది."

మర్నాడే తెలిసింది. పాత అలవాటు కొద్దీ రెండు బీన్సు ముక్కలు గుటుక్కున మింగాడు. ఆ తరవాత గంటసేపు గుండె మీద చేయి పెట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగాడు. కూర్చోలేడు, పడుకోలేడు. చివరికి ఆ ముక్కలు ఎలా వెళ్ళాయో అలాగే తిరిగొచ్చాయి. అక్క వాటిని చూసి "చెక్కుచెదరలేదు, కడిగి మళ్ళీ వండొచ్చు" అంది. ఆ రోజుతో మా బావ మారిపోయాడు. నమలడం మొదలుపెట్టాడు.

అక్క ఒక గళ్ళ డబ్బా కొన్నది. చేతిలో ఇమిడిపోయే డబ్బా. ఒక గడిలో గుమ్మడికాయ, ఒక గడిలో క్యారెట్టు, ఒక దాంట్లో బీట్‌రూట్, ఒక దాంట్లో ఆకుకూర. ఏది సరిపడితే అది నిలిచేది, సరిపడనిది మారేది. క్యాబేజీ రెండు రోజులు ఉద్యోగం చేసి కడుపుబ్బరం కింద బర్తరఫ్ అయింది. సొరకాయను మా బావ "రుచి లేదు, అయినా నోరు లేని మనిషి, ఉండనీ" అని ఉంచుకున్నాడు. అక్క మిగిలిన కూరగాయలు నా కంచంలో వేసేది. నేను అంచుకి జరిపేవాణ్ణి. ఈ మధ్య షెడ్డు నిచ్చెన ఎక్కితే నాకూ ఆయాసం వస్తోంది, పొట్ట దగ్గర చొక్కా గుండీలు పట్టట్లేదు, మోకాలు కిర్రుమంటోంది. కానీ నా సంగతి వేరు.

ఇక్కడో మాట చెప్పాలి. డాక్టరమ్మ చెప్పింది రెండు పూటలు. మా బావ నోరు మాత్రం ఆఫీసు తలుపు తీసినప్పట్నుంచి వేసేదాకా ఆడుతూనే ఉండేది. ఏది చేసినా అతి చేయడం ఆయన నైజం కాబట్టి మేమెవరం ఆశ్చర్యపోలేదు. ఆ గుప్పెడు డబ్బా రోజంతా ఎలా వస్తోందన్నది మాత్రం అంతుపట్టేది కాదు. అక్షయపాత్ర అనేవాడు క్యాషియరు.

ఇక కౌంటరు చూడాలి. ఒకరోజు బేకరీ ఆయన వచ్చాడు. చేతులకు పిండి అలాగే ఉంది. "మూడు రోజులైంది నీళ్ళొచ్చి. మీరు ఆఫీసు నడుపుతున్నారా, గాడిదలు కాస్తున్నారా?" అని మొదలుపెట్టాడు. మా బావ ఆయన వంకే చూస్తూ నములుతున్నాడు. తల దించడు, పక్కకు చూడడు. కళ్ళు ఎదుటివాడి మీద, పని దవడలది. బేకరీ ఆయన మా ఇంజనీర్లను తిట్టాడు, పైపుల్ని తిట్టాడు, పైపులు చేసినవాణ్ణి తిట్టాడు. మా బావ నములుతున్నాడు. బేకరీ ఆయనకు తిట్లు అయిపోయాయి. గుక్క తిప్పుకున్నాడు. "మూడు రోజులంటే, ఆదివారం గోడలకు రంగు వేయించాం చూడండి, అప్పట్నుంచి" అన్నాడు. కాసేపాగి, "రంగులవాడు అడ్డమని వాల్వు కట్టేయమంటే నేనే కట్టేశాను" అన్నాడు. ఇంకాసేపాగి, "మళ్ళీ తిప్పానా లేదా?" అని తనను తానే అడిగాడు. మా బావ మింగి, "వెళ్ళి చూడండి" అన్నాడు. అంతే. బేకరీ ఆయన బయటికి వెళుతూ "మంచి తెలివైన గుమస్తా" అని వాచ్‌మన్‌తో చెప్పి వెళ్ళాడు.

జనం ఆయన ఆలోచిస్తున్నాడని అనుకునేవారు. దవడలు ఆడే లయను బట్టి తమ కేసు ఎటు నడుస్తోందో అంచనా వేసుకునేవారు. కొళాయి కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములిద్దరు కౌంటరు ముందు నిలబడి అరుచుకుని, అలిసిపోయి, ఈయన ఒక క్యారెట్టు ముక్క ముగించేలోగా రాజీపడి వెళ్ళారు.

ఇదేదో బాగుందని క్యాషియరు బబుల్ గమ్ కొని నమిలాడు. మొదటి రోజే ఒకావిడ గొడుగు ఎత్తింది. "ఏం నెమరు బావా, నువ్వు నమిలితే దండం పెడతారు, నేను నమిలితే కొట్టొస్తారేం?" అని వాపోయాడు. మా బావ వేలెత్తి ఆగమన్నాడు. క్యాషియరు ఆగలేదు, వెళ్ళిపోయాడు. ఆగి ఉంటే కారణం అప్పుడే తెలిసేదేమో.

ఇంట్లో మా అక్క పరిస్థితి ఇంకా కష్టం. తిట్లకు ఎదురుతిట్టు ఉంటేనే రుచి. "నీళ్ళ ఆఫీసు గుమస్తా ఇల్లు, వంటింట్లో కొళాయి కారుతోంది. నలుగురు వింటే నవ్విపోతారు" అనేది. ఆయన నమిలేవాడు. "మీ చెల్లెలొచ్చినప్పుడు నన్నేమందో తెలుసా?" నమిలేవాడు. గోడకు చెప్పినా తిరిగి ధ్వని వస్తుందని విసుక్కుని, ఆనక మెల్లగా ఇంకేవో చెప్పుకుంటూ పోయేది. నేను మధ్యలో లేచి నా పోర్షనుకు వచ్చేసేవాణ్ణి.

కౌంటరుకు ప్రతివారం వచ్చే ఘనుల్లో లాండ్రీ ఆవిడ మొదటిది. భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు. ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు, నీళ్ళు సన్నగా వస్తున్నాయని. నేనే స్వయంగా వెళ్ళి చూశాను. నీళ్ళు ధారగా వస్తున్నాయి, బక్కెట్టు పట్టేలోగా పొర్లుతోంది. అదే చెబితే "మీరొచ్చినప్పుడు వస్తాయి" అంది. కౌంటరు దగ్గర నిలబడి నీళ్ళ సంగతి రెండు ముక్కలు చెప్పి, ఆ తరవాత మా బావ డబ్బాలోకి తొంగిచూసేది. "ఇవాళేంటి, సొరకాయా? ఉప్పు వేస్తారా? ఇంతే తింటారా?" అనేది. ఆయన తల ఊపేవాడు. ఆవిడ ఇంకేదో అనబోయి, వెనక మనుషులుంటే ఆగి, వెళ్ళిపోయేది.

ఇలా ఉండగా మాకు కొత్త ఆఫీసరు వచ్చింది. చెడ్డ మనిషి కాదు. రూలంటే రూలు, అంతే. ఆవిడ వచ్చిన వారానికే పైనుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. కౌంటరు ముందు జనం నిలబడి ఉండగా గుమస్తా తాపీగా ఏదో తింటున్నాడు. ఆ చూసినాయన ఏమన్నాడో గానీ, ఆఫీసరు మా బావను గదిలోకి పిలిచింది. నేను మీటరు రిపోర్టు ఇవ్వడానికి అక్కడే ఉన్నాను.

"మీ ఆరోగ్యం సంగతి నాకు తెలుసు" అంది ఆవిడ. "తినొద్దని నేననను. కానీ పబ్లిక్ ముందు రోజంతా తినడం కుదరదు. వెనక పాత ఫైళ్ళ గది ఖాళీగా ఉంది. అక్కడికి మారండి. మీ ఇష్టం వచ్చినంతసేపు తినండి, ఎవరూ చూడరు."

మా బావ నమిలాడు. ఆవిడ ఓపికగా కూర్చుంది. చాలాసేపటికి మింగి, "కౌంటరు వదలనండీ" అన్నాడు.

"అయితే తినడం వదలండి."

మా బావ నేల చూపులు చూశాడు.

"సరే. రేపు నేనే కౌంటరు దగ్గర కూర్చుంటాను. డబ్బా నా దగ్గర ఉంటుంది. పని వేళల్లో మీ నోరు ఆడిందా, ఎల్లుండి నుంచి ఫైళ్ళ గది. ఇందులో ఇక మాట లేదు."

ఆ సాయంత్రం మా అక్క ఇల్లు పీకి పందిరి వేసింది. "ఫైళ్ళ గదికేం? చల్లగా ఉంటుంది, అడిగేవాళ్ళుండరు, హాయిగా తినొచ్చు. పిలిచి సుఖం ఇస్తామంటే వద్దంటారా? రేపు తినకపోతే మళ్ళీ కళ్ళు తిరిగి పడిపోరూ? జుట్టు ఇప్పుడిప్పుడే వస్తోంది." ఆయన నమిలాడు. నేనూ చెప్పాను. "బావా, ఫిర్యాదుల కౌంటరంటే ఊరందరి తిట్లూ తినే చోటు. దాని మీద అంత మోజేంటి నీకు?"

ఆయన మింగి, "అక్కడ మనుషులొస్తార్రా" అన్నాడు.

"ఫైళ్ళ గదిలో బొద్దింకలొస్తాయి. నిమ్మళంగా ఉంటాయి" అన్నాను. ఆయన నవ్వలేదు. ఒళ్ళు తగ్గాక మొదటిసారి ఆయన ముఖంలో దిగులు చూశాను. నాకూ మనసు బాగాలేకపోయింది. పైకి మాత్రం అక్క వేసిన బీట్‌రూట్‌ను తిడుతూ లేచాను.

మర్నాడు ఆఫీసరు చెప్పినట్టే కుర్చీ వేయించుకుని కౌంటరు లోపల కూర్చుంది. గళ్ళ డబ్బా ఆవిడ మోచేతి దగ్గరుంది. మూత మీద అక్క వేసిన రబ్బరు బ్యాండు అలాగే ఉంది. మా బావ నోరు మూసుకుని, దవడలు బిగబట్టి, ఫొటోకు కూర్చున్నవాడిలా కూర్చున్నాడు.

నేను ఏదో ఒక మీటరు చంకన పెట్టుకుని అటే తిరిగాను. కౌంటరు పని చకచకా సాగింది. అలా సాగడం నాకు కొత్తగా ఉంది. జనం వస్తున్నారు, ఒక ముక్క చెబుతున్నారు, మా బావ రాసుకుంటున్నాడు, వెళుతున్నారు. ఎవరూ ఆగడం లేదు. ఆఫీసరు చాలా సంతోషంగా చేతి గడియారం చూసుకుంది. పదకొండు దాటింది, పన్నెండు కావస్తోంది. మా బావ ముఖం పాలిపోయింది.

అప్పుడు లాండ్రీ ఆవిడ వచ్చింది.

"నీళ్ళు సన్నగా వస్తున్నాయండీ" అంది. ఆ రోజు గొంతు పెద్దగా లేదు.

మా బావ రాసుకున్నాడు. "మనిషిని పంపుతానమ్మా."

ఆవిడ డబ్బా కోసం ఆయన ముందు వెతికింది. కనిపించలేదు. "ఇవాళ తినట్లేదా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చేతిసంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "అయితే..." అంది. ఆగింది. "పోనీలెండి. మీకు పనుంది" అని వెనక్కి తిరిగింది.

మా బావ దవడ కదిలింది.

నేను కళ్ళారా చూశాను. ముందు మెల్లగా, తరవాత ఎప్పటిలాగే నిండుగా, ఆవిడ వంకే చూస్తూ నమలడం మొదలుపెట్టాడు. అయిపోయింది, ఫైళ్ళ గది ఖాయం అనుకున్నాను. ఎలా తెచ్చాడో, బుగ్గలో ముక్క పెట్టుకుని పొద్దుణ్ణుంచి దొంగలా కూర్చున్నాడన్నమాట. ఆఫీసరు కూడా చూసింది. నోరు తెరవబోయింది. అంతలో లాండ్రీ ఆవిడ మళ్ళీ ఇటు తిరిగింది. ఆయన నమలడం చూసి సంచి బల్ల మీద పెట్టింది.

"నీళ్ళ సంగతి అలా ఉంచండి" అంది. "నాకూ రాశారండీ ఆ ఆపరేషను. వచ్చే వారమే."

మా బావ నములుతున్నాడు.

"ఇంట్లో అందరూ నేను ధైర్యంగా ఉన్నాననుకుంటున్నారు. పిల్లలు ఆటపట్టిస్తున్నారు, నేనూ నవ్వుతున్నాను. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "మీరు ఇక్కడ బెంచీ మీద కూర్చునేవారు, నాకు గుర్తే. అందుకే వారం వారం వచ్చి మిమ్మల్ని చూసి పోతున్నాను. బాగానే ఉన్నారు. కానీ ఎప్పుడు చూసినా ఆ ఉడికిన ముక్కలే. ఇంతేనా అండీ ఇక? జన్మంతా ఇంతేనా?"

మా బావ మింగాడు.

"కాదమ్మా" అన్నాడు. "మొదట్లో కష్టమే. లేదనను. పొట్టలో చోటుండదు, ఆకలుండదు, కూరగాయ చూస్తే ఏడుపొస్తుంది. నేను ఏడ్చాను కూడా, మా ఆవిడ చూడకుండా. తినలేదని పడిపోయాను కూడా. తరవాత్తరవాత కొంచెం కొంచెంగా అలవాటవుతుంది. గుమ్మడికాయ తియ్యగా ఉంటుందని మీకు తెలుసా? నాకు నలభై దాటాక తెలిసింది. అంతకు ముందు మింగడమే గానీ, తినడమంటూ ఎప్పుడు తిన్నాను?"

లాండ్రీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"భయంగా ఉందని ఇంట్లో చెప్పండి. ఆపరేషను మీకే గానీ, ఆ తరవాత మీకు ముక్కలు ఉడకబెట్టేది వాళ్ళు. ముందే తెలిస్తే మంచిది."

ఆవిడకు నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుంటూ నవ్వి, సంచి తీసుకుంది. "మరి మీ నీళ్ళ ఫిర్యాదమ్మా?" అన్నాను నేను, ఉండబట్టలేక. "ఏం ఫిర్యాదు? నీళ్ళు శుభ్రంగా వస్తున్నాయి" అని నన్నే గదమాయించి వెళ్ళింది.

ఆఫీసరు కుర్చీ మా బావ వైపు జరిపింది. "నోరు తెరవండి" అంది.

మా బావ బడిపిల్లాడిలా నోరు తెరిచాడు. ఆవిడ వంగి చూసింది. ఆవిడ పక్కనుంచి నేనూ చూశాను. నాలుక కింద లేదు, బుగ్గల్లో లేదు. ఏమీ లేదు.

"ఏం నమిలారు?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేకుండా ఎందుకు నమిలారు?"

మా బావ చెవులు ఎర్రబడ్డాయి. "మొదట్లో నిజంగానే నమిలేవాణ్ణండీ. ఒకాయన వచ్చి బిల్లు ఎక్కువొచ్చిందని అరుస్తున్నాడు. నా ముక్క అయిపోయింది, మింగేశాను. ఆయన అప్పుడే గొంతు తగ్గించి, కొడుకు జబ్బు సంగతి ఎత్తాడు. నా నోరు ఖాళీ అయిందని తెలిస్తే ఆపేస్తాడనిపించింది. అందుకని ఉత్తినే నములుతూ కూర్చున్నాను. ఆయన అంతా చెప్పుకుని, తేలిగ్గా లేచి వెళ్ళాడు. నేను ఖాళీగా కూర్చుంటే జనం నాకు పనుందనుకుంటారండీ. తింటుంటే, ఈయన తినేలోగా మనకు టైముంది కదా అని నిలబడతారు. మొదట వచ్చేది నీళ్ళ సంగతేనండీ. అసలు సంగతి తరవాత వస్తుంది. నా పాత రోజుల్లో ఎవర్నీ అక్కడిదాకా రానివ్వలేదు."

"మరి కూరగాయలు నిజంగా ఎప్పుడు తింటారు?"

"పదకొండింటికీ నాలుగింటికీ. రెండు పూటలే."

"ఆ రెండు పూటలూ లోపల తినొచ్చుగా?"

"తినొచ్చండీ."

"ఈ మాట నిన్న నా గదిలోనే చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పనండీ? చెప్పుకుంటే ఏదో ఘనకార్యం చేస్తున్నట్టుంటుంది."

ఆవిడ రబ్బరు బ్యాండు సరిచేసి, డబ్బా ఆయన చేతిలో పెట్టింది. "కౌంటరు దగ్గర తినకూడదని రూలుంది. నమలకూడదని ఎక్కడా లేదు. పదకొండు ఎప్పుడో దాటింది, లోపలికెళ్ళి తినండి. మీరొచ్చేదాకా ఇక్కడ నేను చూస్తాను."

మా బావ వెళ్ళాడు. ఆయన తినడానికి అరగంట పడుతుంది. ఈలోగా ఒక లారీ డ్రైవరు వచ్చి కౌంటరు మీద గుద్ది అరవడం మొదలుపెట్టాడు. ఆఫీసరు జవాబు చెప్పబోయి ఆగింది. ఎవరూ చూడట్లేదనుకుని, పెదవులు మూసి, దవడ మెల్లగా కదిపింది. మొదటిసారి కదా, అంతగా కుదరలేదు. అయినా డ్రైవరు గొంతు తగ్గించాడు.

ఇంత వార్త నా నోట్లో సాయంత్రం దాకా ఎలా ఆగిందో నాకే తెలియదు. ఇంటికెళ్ళీ వెళ్ళగానే వంటింట్లో దూరాను. అక్క బీన్సు ఉడికించి పళ్ళెంలో ఆరబెడుతోంది. "అక్కా, బావ నోట్లో ఏమీ ఉండదే. ఇన్నాళ్ళూ ఉత్తినే నములుతున్నాడు" అన్నాను.

"తెలుసు" అంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఒకరోజు ఆయన్ని తిట్టీ తిట్టీ, చివరికి అమ్మ పోయినప్పటి సంగతులన్నీ చెప్పుకుని ఏడ్చాను. ఆయన నములుతూనే ఉన్నారు. కళ్ళు తుడుచుకుని చూస్తే కంచంలో ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తారు కదరా. ఇన్నేళ్ళ కాపురంలో నా మాట పూర్తిగా వినడం అప్పుడే మొదలుపెట్టారు."

వెనకాల చెప్పుల చప్పుడైంది. మా బావ వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఏడిపిద్దామని ఒక మాట నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆ మాట రాలేదు. "నిచ్చెన ఎక్కితే ఈ మధ్య ఆయాసం వస్తోంది బావా" అన్నాను. "అంటే, పెద్దగా ఏం లేదులే."

మా బావ నా వంకే చూస్తూ నమలడం మొదలుపెట్టాడు.

నోట్లో ఏమీ లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా ఇంతవరకు ఎవరితోనూ అననిది మొత్తం చెప్పాను. మోకాలి సంగతి, చక్కెర పరీక్ష చేయించుకోమన్నా ఎగ్గొట్టిన సంగతి, పడుకుంటే ఊపిరి ఆగినట్టయి లేచి కూర్చుంటున్న సంగతి, ఒకప్పటి నీ అంత కొండనయ్యాక నన్నెవరు చేసుకుంటారన్న సంగతి. అక్క పళ్ళెం మా ఇద్దరి మధ్యకు జరిపింది.

చెప్పడం అయ్యేసరికి పళ్ళెంలో బీన్సు ఒక్కటి మిగల్లేదు. తిన్నది నేనే.